అమ్మానాన్నల జ్ఞాపకార్థం ఫండ్‌రైజర్: జస్ట్‌గివింగ్, గోఫండ్‌మీ, మచ్‌లవ్డ్ ఎలా ఉన్నాయి?

పోయిన అమ్మ పేరు మీదో నాన్న పేరు మీదో ఫండ్‌రైజర్ పెట్టాలనుకునేవాళ్లు మొదట అడిగేది, ఏ సైటు తక్కువ కోస్తుంది అని. అంతకన్నా ముందు అడగాల్సింది ఇంకొకటుంది. దాత పంపిన డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? పేజీ పెట్టినవాళ్ల ఖాతాలోనా, నేరుగా సేవాసంస్థ ఖాతాలోనా? రసీదు ఎవరి పేరిట వస్తుంది, పన్ను రాయితీ ఉంటుందా లేదా, రేపు బంధువుల్లో ఎవరైనా లెక్క అడిగితే ఏం చూపించాలి, ఇవన్నీ దాన్ని బట్టే తేలతాయి. బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ ఎక్కువమంది వాడే మూడు సేవలను ఆ కోణంలోనే బేరీజు వేశాం.

ముందు జస్ట్‌గివింగ్. 2000లో బ్రిటన్‌లో పుట్టింది, 2017లో అమెరికాకు చెందిన బ్లాక్‌బాడ్ కంపెనీ కొనుక్కుంది. దీని మీద జరిగిన అతిపెద్ద వసూలు అందరికీ గుర్తుండే ఉంటుంది. 2020 ఏప్రిల్లో, నూరేళ్లు నిండటానికి కొద్ది రోజుల ముందు, మాజీ సైనికుడు కెప్టెన్ టామ్ మూర్ నడిచేందుకు ఆసరాగా పెట్టుకున్న బండితో తన ఇంటి తోటలో 25 మీటర్ల దారిని వందసార్లు నడిచారు. పెట్టుకున్న లక్ష్యం 1,000 పౌండ్లు, వచ్చినవి 3.2 కోట్ల పౌండ్లకు పైగా. ఆ డబ్బు నేరుగా ఎన్‌హెచ్‌ఎస్ ఛారిటీస్ టుగెదర్‌కు, అంటే బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవకు తోడ్పడే సేవాసంస్థకు వెళ్లింది. ఆ డబ్బు గురించి ఎవరూ వేలెత్తి చూపలేదు. ఆయన పేరిట విడిగా ఏర్పడిన ఫౌండేషన్ సంగతి వేరు. కుటుంబ ప్రయోజనాలకూ సంస్థ ప్రయోజనాలకూ మధ్య హద్దు చెరిగిపోయిందని, సేవాసంస్థలను పర్యవేక్షించే బ్రిటన్ ఛారిటీ కమిషన్ 2024 నవంబరు నివేదికలో తప్పుబట్టింది. కుటుంబం ఆ నివేదికను ఒప్పుకోలేదు. ఎవరిది రైటు అన్నది మనకు అనవసరం. నాన్న పేరిట సొంత ట్రస్టు పెట్టేద్దాం అని ఇంట్లో ఎవరైనా ఉత్సాహపడితే మాత్రం ముందు ఆ నివేదిక చదివించండి. ఆల్రెడీ నడుస్తున్న సంస్థకు పేజీ పెట్టడం ఒక పూట పని. ట్రస్టు నడపడమంటే ఏటేటా లెక్కలు, ట్రస్టీలు, రిపోర్టులు.

జస్ట్‌గివింగ్‌లో పేజీ తెరవడం తేలికే. సంస్థ పేరు వెతికి ఎంచుకోవాలి. ఒకే పేరుతో రెండు మూడు సంస్థలు కనబడతాయి, ముఖ్యంగా హాస్పిస్‌ల (చివరి దశ రోగులను చూసుకునే కేంద్రాల) దగ్గర ఈ చిక్కు ఎక్కువ. పేరు చూసి సరిపెట్టుకోకుండా ఛారిటీ రిజిస్ట్రేషన్ నంబరు సరిచూసుకోండి. తర్వాత ఇది ఎవరి జ్ఞాపకార్థమో చెప్పి పేరు ఇవ్వాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు వేర్వేరు ఊళ్లలో ఉండి ఎవరికి వాళ్లు ఏదో ఒకటి చేస్తామంటే టీమ్ పేజీ పెట్టుకోవచ్చు. పెద్దవాడు పరుగెత్తుతాడు, చిన్నమ్మాయి కేకులు అమ్ముతుంది, ఎవరి పేజీ వాళ్లది, మొత్తం మాత్రం ఒకచోట కనబడుతుంది. తోబుట్టువుల మధ్య ఎవరి స్నేహితులు ఎంత ఇచ్చారన్న పోలిక మొదలయ్యే ఇళ్లుంటాయి. అలాంటివాళ్లు ఒకే పేజీతో సరిపెట్టుకోవడం మేలు.

ఇక ఖర్చు. ఒకప్పుడు సంస్థల దగ్గర 5 శాతం ప్లాట్‌ఫాం రుసుము తీసుకునేవాళ్లు. 2019లో బ్రిటన్ సంస్థలకు అది ఎత్తేసి, దాతలు ఇష్టపడి ఇచ్చే టిప్ మీదకు మారారు. కార్డు ఖర్చు మాత్రం మిగిలింది: ఒక్కో విరాళం మీద 1.9 శాతం, పైన 20 పెన్నీలు. ఈ 20 పెన్నీలే చిన్న విరాళాలను తినేస్తాయి. నలభైమంది తలా 25 పౌండ్లు ఇస్తే వెయ్యి పౌండ్లకు కోత 27 పౌండ్లు. అదే వెయ్యి రెండువందల మంది చేతుల మీదుగా తలా అయిదు పౌండ్లుగా వస్తే కోత 59. ఆఫీసులో అందరినీ తలా రెండు పౌండ్లు వేయమని లింకు పంపేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

టిప్ స్లైడర్ దగ్గర ఈ సేవకు మార్కులు తగ్గించక తప్పదు. దాత డబ్బు కట్టబోయే ముందు ఆ స్లైడర్ సున్నా మీద ఉండదు, ముందే కొంత శాతానికి జరిపి ఉంటుంది. అది సంస్థకు కాదు, సైటుకు వెళ్లే డబ్బు. మార్చుకోవచ్చు, సున్నా కూడా చేసుకోవచ్చు, అలా చేసినా విరాళంలో ఏమీ తగ్గదు. ఫోన్ తెరమీద చకచకా నొక్కుకుంటూ పోయే పెద్దవాళ్లకు ఈ సంగతి తట్టదు. 50 ఇద్దామనుకున్న పెద్దనాన్న ఖాతాలోంచి అంతకన్నా ఎక్కువ పోయిందని తర్వాత ఫోన్ వస్తుంది. లింకు పంపే మెసేజీలోనే ఒక వాక్యం రాసేస్తే ఆ గొడవ ఉండదు: "టిప్ అని అడిగేది వెబ్‌సైటుకు, ఇష్టమైతేనే ఇవ్వండి." గోఫండ్‌మీలోనూ ఇదే వరస.

అయినా బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు మా ఓటు జస్ట్‌గివింగ్‌కే. కారణం గిఫ్ట్ ఎయిడ్. అక్కడ పన్ను కట్టే దాత ఒక గడిలో టిక్ పెడితే, ఇచ్చిన ప్రతి పౌండుకూ ప్రభుత్వం నుంచి సంస్థకు ఇంకో 25 పెన్నీలు వస్తాయి. దాత జేబులోంచి అదనంగా ఏమీ పోదు. డిక్లరేషన్ తీసుకోవడం, సంస్థ తరఫున రాబట్టడం సైటే చూసుకుంటుంది. 40 శాతం పన్ను కట్టేవాళ్లు 100 పౌండ్లు ఇస్తే, తమ రిటర్నులో చూపించి 25 పౌండ్లు వెనక్కి తెచ్చుకోవచ్చు కూడా. చాలామందికి ఈ రెండో సంగతి తెలియక వదిలేస్తారు.

టిక్ ఎవరు పెట్టకూడదన్నది తెలియకపోతేనే చిక్కు. ఆ పన్ను ఏడాదిలో, అంటే ఏప్రిల్ 6 నుంచి మరుసటి ఏప్రిల్ 5 దాకా, దాత తన విరాళాలన్నిటి మీదా సంస్థలు రాబట్టే మొత్తానికి తక్కువ కాకుండా ఆదాయపు పన్నో మూలధన లాభాల పన్నో కట్టి ఉండాలి. లేకపోతే ఆ తేడాను పన్ను శాఖ దాత దగ్గరే వసూలు చేయొచ్చు. చదువుకుంటున్న పిల్లలు, పన్ను కట్టేంత ఆదాయం లేని రిటైరైనవాళ్లు, వేరే దేశం నుంచి పంపే బంధువులు "పోనీలే, మంచి పనేగా" అని టిక్ పెట్టేయకూడదు. లిమిటెడ్ కంపెనీ కార్డు మీద ఇచ్చిన విరాళానికీ గిఫ్ట్ ఎయిడ్ లేదు.

అన్నిటికన్నా ఎక్కువ జరిగే పొరపాటు ఇంకొకటి. సంస్మరణ సభలో బాబాయి అందరి దగ్గరా నగదు పోగేస్తాడు. మొత్తం 600 పౌండ్లు అయ్యాయని, తన కార్డు మీద ఒకేసారి కట్టేసి గిఫ్ట్ ఎయిడ్ గడిలో టిక్ పెడతాడు. అది చెల్లదు. ఇచ్చింది ఆయన డబ్బు కాదు, ఎవరి విరాళానికి వాళ్లే డిక్లరేషన్ ఇవ్వాలి. సభలో డబ్బాతో పాటు సంస్థ ఇచ్చే గిఫ్ట్ ఎయిడ్ కవర్లు పెట్టండి. కవరు మీద పేరు, ఇంటి చిరునామా, పోస్ట్‌కోడ్ రాసి టిక్ పెట్టి ఇస్తే సంస్థ రాబట్టుకుంటుంది. పోస్ట్‌కోడ్ లేని కవర్లే ఎక్కువ వస్తాయి కాబట్టి బల్ల దగ్గర ఒకర్ని కూర్చోబెట్టడం మంచిది. భోజనం టికెట్టు డబ్బు, రాఫిల్ (లక్కీ డ్రా) టికెట్ల డబ్బు కూడా విరాళం కిందికి రావు. ప్రతిఫలంగా ఏదో అందుతుంది కదా. అందుకే భోజనాల ఫండ్‌రైజర్ పెట్టేవాళ్లు టికెట్టును ఖర్చుకు సరిపడా ఉంచి, విరాళం పూర్తిగా ఐచ్ఛికంగా, వేరే అడగడం లాభం.

నగదు గురించే ఇంకో ముక్క. జస్ట్‌గివింగ్‌లో బయట వసూలైన మొత్తాన్ని ఆఫ్‌లైన్ విరాళంగా పేజీలో కలుపుకునే వీలుంది. అది అంకె మాత్రమే. అక్కడ 600 అని రాసినంత మాత్రాన సంస్థకు 600 చేరవు, విడిగా బ్యాంకు ద్వారా పంపాలి. పంపేటప్పుడు రిఫరెన్సులో నాన్న పేరు రాయకపోతే ఆ డబ్బు ఎవరి జ్ఞాపకార్థమో సంస్థ లెక్కల్లో తేలదు.

అమెరికాలో ఉన్నవాళ్ల నోట మొదట వచ్చేది గోఫండ్‌మీ. 2010లో మొదలైంది. ఇక్కడ అసలు విషయమంతా మొదట్లోనే అడిగే ఒక్క ప్రశ్న దగ్గర ఉంది: ఈ డబ్బు ఎవరి కోసం? మీకోసం, ఇంకొకరి కోసం, సంస్థ కోసం. తొందరలో "మీకోసం" నొక్కి, పైన మాత్రం "నాన్న జ్ఞాపకార్థం క్యాన్సర్ పరిశోధనకు" అని రాసుకునే పేజీలు కోకొల్లలు. అక్కడి నుంచి చిక్కులన్నీ వరసపెట్టి వస్తాయి. డబ్బు మీ బ్యాంకు ఖాతాకు వస్తుంది. దాత ఇచ్చింది చట్టం దృష్టిలో మీకిచ్చిన కానుక, దానికి పన్ను మినహాయింపు ఉండదు. మీరు అంతా సంస్థకు పంపినా రసీదు మీ ఒక్కరి పేరిటే వస్తుంది. వంద డాలర్లు ఇచ్చిన నాన్న పాత సహోద్యోగి పన్నులప్పుడు రసీదు అడిగితే చూపించేందుకు ఏమీ ఉండదు.

కాబట్టి సంస్థ అన్న మూడో దారే పట్టుకోండి. అప్పుడు డబ్బు మీ చేతికి రాదు, రసీదు దాతకే వెళుతుంది. ఆ రసీదు మీద మీరు ఎంచుకున్న సంస్థ పేరు కాక పేపాల్ గివింగ్ ఫండ్ అని ఉండొచ్చు. అది మోసం కాదు. అది కూడా రిజిస్టరైన లాభాపేక్ష లేని సంస్థే, డబ్బు దాని గుండా అసలు సంస్థకు చేరుతుంది. ఈ మాట ముందే చెప్పి పెట్టకపోతే దాతలు కంగారుపడతారు. 250 డాలర్లు, ఆపైన ఇచ్చేవాళ్లకు మినహాయింపు కావాలంటే రాతపూర్వక రసీదు తప్పనిసరి, కార్డు స్టేట్‌మెంటు సరిపోదు. భోజనమో కచేరీయో పెట్టి టికెట్టు 75 డాలర్లు దాటితే, అందులో విరాళమెంతో, అందుకున్న దాని విలువెంతో సంస్థ రాసివ్వాలి.

సొంత ఫండ్‌రైజర్ల మీద అమెరికాలో ప్లాట్‌ఫాం రుసుమును 2017లో తీసేశారు. కార్డు ఖర్చు 2.9 శాతం, పైన 30 సెంట్లు. పది డాలర్ల విరాళంలో 59 సెంట్లు పోతాయి, వంద డాలర్లలో 3 డాలర్ల 20 సెంట్లు. అంత్యక్రియల ఖర్చుకో, తండ్రి పోయిన పిల్లల చదువుకో డబ్బు కావాలంటే దీని అంత త్వరగా పనయ్యేది ఇంకోటి లేదు, ఆ పనికి దీన్ని నిరభ్యంతరంగా వాడొచ్చు. ఒక్కటే షరతు. అది కుటుంబానికి సాయమని పేజీలో సూటిగా రాయండి. సేవాకార్యక్రమం అని ముసుగు వేయొద్దు. రెండూ చేయాలనుంటే రెండు పేజీలు పెట్టండి. ఒకే పేజీలో "కొంత కుటుంబానికి, కొంత సంస్థకు" అని రాస్తే ఎంత ఎవరికి అన్న ప్రశ్నకు ఎప్పటికీ జవాబు దొరకదు.

కంపెనీల మ్యాచింగ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అమెరికాలో చాలా పెద్ద కంపెనీలు ఉద్యోగి ఇచ్చిన విరాళానికి సమానంగా తామూ ఇస్తాయి. నూరు ఇస్తే సంస్థకు రెండొందలు చేరతాయి. కానీ కొన్ని కంపెనీలు తమ పోర్టల్ ద్వారానో నేరుగా సంస్థకో ఇస్తేనే ఒప్పుకుంటాయి, ఫండ్‌రైజర్ సైటు రసీదును తిప్పికొడతాయి. స్నేహితుల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే ఎక్కువ ఉంటే, పేజీలో లింకుతో పాటు సంస్థ ఈఐఎన్ నంబరు (అమెరికా పన్ను శాఖ ఇచ్చే గుర్తింపు సంఖ్య) కూడా రాసి, "మీ కంపెనీ మ్యాచింగ్ ఇస్తే అటు నుంచే ఇవ్వండి" అని చెప్పండి. పేజీ మీద అంకె తక్కువ కనబడుతుంది, సంస్థకు చేరేది ఎక్కువ. ఆ అంకె మీద మోజు పడకూడదు.

మచ్‌లవ్డ్ వీటికి భిన్నం. బ్రిటన్‌లో రిజిస్టరైన సేవాసంస్థే దీన్ని నడుపుతుంది. ఇక్కడ ముందుండేది వసూలు కాదు, నివాళి. ఫొటోలు, జ్ఞాపకాలు, వచ్చినవాళ్లు వెలిగించే కొవ్వొత్తులు, దాని పక్కన విరాళం. నాలుగు మాటలు రాయాలనుంది, డబ్బు ఇచ్చే స్తోమత లేదు అనుకునేవాళ్లు ఇక్కడ ఇబ్బంది పడరు. జస్ట్‌గివింగ్ పేజీలో ఉత్త మాట రాసి రావడం మొహమాటంగా ఉంటుంది, పక్కనే అందరి అంకెలూ కనబడుతుంటాయి కదా. ఏడాదికోసారి సంవత్సరీకం నాడు మళ్లీ తెరుచుకునే చోటు కావాలంటే ఇదే నప్పుతుంది. మారథానో నడకో పెట్టుకుని ఒక గడువులోగా గట్టిగా వసూలు చేయాలంటే మాత్రం ఊపు తక్కువ. దాతలకు కూడా జస్ట్‌గివింగ్ అంత అలవాటైన పేరు కాదు.

ఈ మూడింటికన్నా ముందు చూడాల్సిన చోటు మీరు ఎంచుకున్న సంస్థ సొంత వెబ్‌సైటు. క్యాన్సర్ రీసెర్చ్ యూకే, అమెరికన్ హార్ట్ అసోసియేషన్ లాంటి పెద్ద సంస్థలకు జ్ఞాపకార్థ విరాళాలకు వేరే ఏర్పాట్లున్నాయి. దాతల వివరాలు వాళ్లకే నేరుగా చేరతాయి, ఎవరెవరు ఇచ్చారో కుటుంబానికి తెలియజేసే పద్ధతి కూడా చాలా సంస్థలకు ఉంది. చిన్న సంస్థ అయితే పేజీ పెట్టేముందు ఒక మెయిలు పెట్టి మూడు విషయాలు తేల్చుకోండి: లోగో వాడుకోవచ్చా, పోగైన డబ్బు ఫలానా పనికే కేటాయిస్తారా, కేటాయించలేకపోతే ఏం చేస్తారు. "నాన్న చివరిదాకా ఉన్న వార్డుకు రెండు వాలుకుర్చీలు" అని రాసి, తీరా వసూలైంది ఒకటిన్నర కుర్చీకే అయితే ఆ డబ్బు ఎటూ కాకుండా ఇరుక్కుపోతుంది. బ్రిటన్‌లో ఫలానా పనికని అడిగిన డబ్బును సంస్థ ఇష్టమొచ్చినట్టు వేరే పనికి మళ్లించకూడదు. అందుకే పేజీలో ఆ పని గురించి రాసిన పేరా చివర ఈ వాక్యం ఉండాలి: "లక్ష్యం చేరకపోయినా, దాటినా ఆ మొత్తాన్ని సంస్థ ఇతర సేవలకు వాడుతుంది."

బ్రిటన్‌లో ఉండి నాన్న పేరిట లండన్ మారథాన్ పరుగెత్తాలనుకునేవాళ్లకు చిన్న హెచ్చరిక. సంస్థ కోటాలో చోటు తీసుకుంటే దాదాపు 2,000 పౌండ్లు తెస్తామని మాటివ్వాల్సి ఉంటుంది, కొన్ని సంస్థలు ఇంకా ఎక్కువ అడుగుతాయి. లాటరీలో సొంతంగా చోటు దొరికితే ఆ షరతు ఉండదు, ఎవరికైనా ఎంతైనా వసూలు చేయొచ్చు.

పేజీలో రాసే మాటల గురించి ఏ సైటూ సరైన సలహా ఇవ్వదు. "నాన్న ఎన్నో కష్టాలను ధైర్యంగా ఎదుర్కొన్న మహా మనిషి" అనే వాక్యం ఏ పేజీకైనా అతుకుతుంది, ఎవరికీ గుర్తుండదు. చూసింది రాయండి. ఉదాహరణకు, కిడ్నీ రోగుల సంస్థకు పెట్టిన పేజీలో: "వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు అమ్మ డయాలసిస్ కుర్చీలో ఉండేది. సూదులున్న చెయ్యి కదపకూడదు. రెండో చేత్తో మనవడి లెక్కల పుస్తకం దిద్దేది." ఆవిడ గుండె దిటవు ఎంతటిదో వేరే చెప్పక్కర్లేదు. డబ్బు ఎందుకో కూడా చదివినవాళ్లకు అర్థమైపోయింది. దీని తర్వాత సంస్థ ఏం చేస్తుందో రెండు వాక్యాలు, గడువు ఒక వాక్యం. అంతే చాలు. "క్యాన్సర్‌తో పోరాడి ఓడిపోయారు" అన్న మాట మాత్రం వద్దు. జబ్బు ముదిరితే అది ఆ మనిషి ఓటమి ఎలా అవుతుంది?

జబ్బు వివరాలు ఎంతవరకు బయటపెట్టాలో బతికున్న అమ్మనో నాన్ననో, తోబుట్టువులనో అడిగి రాయండి. పుట్టిన తేదీ పూర్తిగా, ఇంటి చిరునామా, అమ్మ పుట్టింటి పేరు ఒకేచోట పెట్టకండి. చనిపోయినవాళ్ల పేరిట ఖాతాలు తెరిచే దొంగలకు కావాల్సినవి సరిగ్గా ఆ మూడే. ఫేస్‌బుక్‌లో సంస్మరణ పోస్టు పెట్టాక "అంత్యక్రియల లైవ్ ఇక్కడ చూడండి" అంటూ ఎవరో అపరిచితులు కామెంట్లలో లింకు పెడతారు. నొక్కితే కార్డు వివరాలు అడుగుతుంది. ఆ కామెంట్లు కనబడగానే తీసేయండి, అసలు లింకు ఇదొక్కటేనని పోస్టు మొదటి లైనులోనే రాయండి.

లింకును ఒకేసారి అన్ని వాట్సాప్ గుంపుల్లోకి వదలకండి. ముందు దగ్గరివాళ్లు అయిదారుగురికి పంపి, వాళ్లు ఇవ్వాలనుకున్నది ఇచ్చాక మిగతావాళ్లకు పంపండి. లండన్ మారథాన్ పరుగెత్తేవాళ్ల విరాళాల పేజీల మీద బ్రిటన్ ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం 2015లో ఎకనమిక్ జర్నల్‌లో వచ్చింది. అంతకుముందు వచ్చిన విరాళాల సగటు 10 పౌండ్లు పెరిగితే తర్వాత వచ్చే విరాళం సగటున రెండున్నర పౌండ్లు పెరిగిందని తేలింది. పేజీ తెరవగానే పైన 5 కనబడితే చూసినవాళ్లు 10తో సరిపెడతారు, 50 కనబడితే 20 గురించి ఆలోచిస్తారు. మేనమామ పెద్ద మొత్తం ఇస్తానంటే చివరిదాకా ఆగకుండా మొదటిరోజే ఇమ్మనండి.

వేరే దేశంలోని బంధువుల కార్డులు తరచు ఆగిపోతాయి. విదేశీ చెల్లింపులు ఆపి ఉండటమే సాధారణంగా కారణం, బ్యాంకు యాప్‌లో తెరిస్తే పనవుతుంది. కరెన్సీ మార్పిడికి వాళ్ల బ్యాంకు విడిగా రుసుము వేయొచ్చు. చిన్న మొత్తాలకు ఆ గొడవంతా ఎందుకంటే, ఇచ్చే మొత్తాన్ని వాళ్ల ఊళ్లోనే అలాంటి పని చేసే సంస్థకు ఇచ్చి, నివాళి మాట మాత్రం పేజీలో రాయమనండి.